వెనక జేబులో పసుపు గుడ్డ

హార్లన్స్ మిల్ ఊళ్లో లూథర్ టిడ్‌మోర్ చేతికి తల అప్పగించని మగాడు లేడు. అదే లూథర్ శనివారం నాడు నలుపూ తెలుపూ చారల చొక్కా తొడుక్కున్నాడంటే, ఆ చేతిని నమ్మే మగాడూ లేడు. వారంలో ఐదు రోజులు వాళ్ళ పీకల మీద మంగలికత్తి ఆడించే మనిషిని పట్టుకుని, ఆరో రోజు దొంగ అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. అలబామాలో ఆ గుండె అందరికీ ఉంటుంది, ఫుట్‌బాల్ అనే మాట వినపడితే చాలు.

ఇరవై ఆరేళ్ళు కాలేజీ ఆటలకు రెఫరీగా వెళ్ళాడు లూథర్. గీత పక్కన నిలబడి, ఎవడు ఎవడి చొక్కా పట్టుకు లాగాడో, ఎవడు ముందే కదిలాడో చూసి, తప్పు కనిపిస్తే నడుం దగ్గరున్న పసుపు గుడ్డ తీసి నేల మీదకు విసరడం ఆయన పని. మనిషి పొడుగు, గొంతు పెద్దది, తన హాస్యానికి తనే ముందు నవ్వే రకం. సోమవారం పొద్దున్నే సెలూన్ తలుపు తీసేసరికి, పాత పోస్ట్‌మాన్ మెర్ల్ హగిన్స్ మెట్ల మీద కూచుని ఉండేవాడు.

"ఎంతిచ్చారు లూథర్?"

"జుత్తు కత్తిరిస్తే పన్నెండు డాలర్లు. నువ్వు నోరు మూసుకుని కూచుంటే పది."

ఈ మాటలు రెండూ ఇరవై ఆరేళ్ళుగా అవే. ధర మాత్రం నాలుగు నుంచి పన్నెండుకు పెరిగింది.

మెర్ల్ సిద్ధాంతం ఊరందరికీ కంఠస్థం. కాల్డ్‌వెల్ విశ్వవిద్యాలయం జట్టు ఏటా దేశంలో మొదటి ఐదు ర్యాంకుల్లో ఉంటుంది. అది గెలుస్తూ పోతే కొత్త సంవత్సరం నాటి పెద్ద ఆటలకు వెళ్తుంది. వెళ్తే టీవీ వాళ్ళ సొమ్ము కాలేజీల సంఘం మొత్తానికి వరదలా వచ్చి పడుతుంది. రెఫరీలకు ఆటకింత అని కట్టిచ్చేది ఆ సంఘమే. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రెఫరీ ఉంటాడా?" అని మెర్ల్ అడిగేవాడు, నురగ పూసిన గడ్డం పైకెత్తి. తమాషా ఏమిటంటే మెర్ల్ కూడా కాల్డ్‌వెల్ భక్తుడే. వాళ్ళు గెలిస్తే కుర్రాళ్ళ సత్తా, ఓడితే ఈసారి డబ్బు అవతలి వైపు పోయింది. ఈ లెక్కలో మెర్ల్ ఎప్పుడూ ఓడడు.

లూథర్ ఈ మాటలన్నిటికీ నవ్వేవాడు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ తీసుకోని మనిషికి నవ్వు సులభం. ఒక్క మనిషి మాటకు మాత్రం నవ్వలేకపోయాడు. ఆవిడ ఆ మాట అననైనా లేదు, భోజనానికి రావడం మానేసింది.

ఆవిడ లూథర్ అక్క వెర్నెల్. తమ్ముడికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి నూలుమిల్లులో రెండు షిఫ్టులు చేసే రోజుల్లో లూథర్‌కు అన్నం పెట్టిందీ, వీపు వాయించిందీ ఆవిడే. బ్రాంట్లీ అనే చిన్న కాలేజీలో చదువుకుని, ముప్ఫై ఎనిమిదేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. బ్రాంట్లీకి ఏనాడూ ర్యాంకు లేదు, అయినా ఆ జట్టు ఎక్కడ ఆడితే అక్కడ బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుని వెర్నెల్ హాజరు. ఆదివారం చర్చి అయ్యాక తమ్ముడింట్లో భోజనం. కిటికీ పక్క కుర్చీ ఆవిడది.

కిందటేడు నవంబర్‌లో బ్రాంట్లీ వాళ్ళు కాల్డ్‌వెల్ స్టేడియానికి వెళ్ళి, తొంభై వేలమంది ముందు, ఆఖరి నిమిషం దాకా పైచేయిగా ఉన్నారు. అప్పుడు కాల్డ్‌వెల్ వాడొకడు బ్రాంట్లీ కుర్రాణ్ణి వెనకనుంచి చొక్కా పట్టి ఆపాడు. లూథర్‌కు ఆరడుగుల దూరంలో. గుడ్డ పడలేదు. ఆ సందులోంచి బంతి పట్టుకుని పరిగెత్తినవాడు ఆఖరి గీత దాటాడు, కాల్డ్‌వెల్ గెలిచింది. మర్నాడు ఆదివారం వెర్నెల్ రాలేదు. లూథర్ భార్య ఓపల్ ఫోన్ చేస్తే, "నా లెక్క పూర్తయ్యాక వస్తా. వాడికి చెప్పు," అని పెట్టేసింది.

లెక్క ఏడాది పట్టింది. యాభై ఆదివారాలు ఆ కుర్చీ ఖాళీ. ఓపల్ దాని మీద ఎవర్నీ కూచోనివ్వలేదు, పిల్లిని కూడా. లూథర్ ఆ వైపు చూడకుండా తినడం నేర్చుకున్నాడు గానీ, తిన్నది ఒంటబట్టలేదు. తను ఆ చొక్కా లాగడం చూడలేదని మొదట్లో అందరికీ చెప్పాడు. తర్వాత చెప్పడం మానేశాడు, ఎందుకంటే చూశాడు. చూశాడు, చెయ్యి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ఖాళీగా ముందుకొచ్చింది. ఎందుకొచ్చిందో తనకే తెలియదు.

ఆగస్టులో ఓపల్ ఎప్పట్లాగే కొత్త గుడ్డ కుట్టింది. కొన్న గుడ్డలు గాలికి ఎగిరిపోతాయని ఆవిడ ఫిర్యాదు. పసుపు గుడ్డ మూలలో గుప్పెడు అలసందలు మూటగట్టి కుడితే, విసిరిన చోటే పడుతుంది. పెళ్ళయిన కొత్తలో విప్పకుండా ఉతికి, తడిగా సంచిలో పడేసింది. వారం తర్వాత లూథర్ మైదానంలో విసిరితే తెల్లటి మొలకలతో పడింది. తప్పు చేసిన ఆటగాడు కూడా నవ్వాడు. అప్పట్నుంచి ప్రతి వారం మూల విప్పి, గింజలు తీసి, ఉతికి, మళ్ళీ కుట్టడమే. మోకాళ్ళు పట్టేస్తున్నాయి గనక లూథర్‌కు ఇదే ఆఖరి సంవత్సరం. ఆఖరి ఆట ఏదో ఉత్తరం వచ్చింది: కాల్డ్‌వెల్ స్టేడియంలో, బ్రాంట్లీతో. కాల్డ్‌వెల్ ర్యాంకు ఈసారి రెండు.

ఆట శనివారమనగా గురువారం మధ్యాహ్నం, వెర్నెల్ సెలూన్‌లోకి నడిచివచ్చింది. మెర్ల్ సగం గీసిన గడ్డంతో కుర్చీలో ఉన్నాడు. వెర్నెల్ చేతిలో గళ్ళ నోటుపుస్తకం చూసి, చిన్నప్పుడు ఆవిడ దగ్గరే లెక్కలు నేర్చుకున్న మెర్ల్ నిటారుగా కూచున్నాడు.

"కత్తి పక్కన పెట్టు," అంది తమ్ముడితో. "నేను చెప్పేది వింటే నీ చెయ్యి వణుకుతుంది, వీడి చెవి పోతుంది."

"టీచరమ్మా, నా చెవి..."

"నువ్వు నోర్ముయ్ మెర్ల్. ఏడో ఎక్కం వచ్చాక మాట్లాడు."

లూథర్ కత్తి పెట్టేశాడు. "చెప్పక్కా."

"నీ పాత ఆటల రికార్డింగులన్నీ తెప్పించుకుని చూశాను. నూట నలభై. చిన్న మైదానాల్లో నీ అంత ధర్మరాజు లేడు. పెద్ద స్టేడియంలో, ఆఖరి ఐదు నిమిషాల్లో, రెండు జట్లూ సరిసమానంగా ఉన్నప్పుడు, ర్యాంకున్న జట్టు మీద నీ గుడ్డ సగానికి సగం తగ్గింది."

"చూశారా! ఎంతిచ్చారో అడగండి!" మెర్ల్ ఆగలేకపోయాడు.

"వీడికెవడిస్తాడురా? డబ్బు తిన్నవాడి ట్రక్కు తలుపు తాడుతో కట్టి ఉంటుందా?" వెర్నెల్ తమ్ముడి వైపు తిరిగింది. "చిన్న మైదానాల్లో నీ గుడ్డ ఎక్కడుంటుంది?"

"నడుం దగ్గర. బెల్టులో."

"తోక బైటికి కనిపిస్తూ. పెద్ద స్టేడియంలో?"

లూథర్ చెయ్యి దానంతటదే వెనక జేబు మీదకు పోయింది. అక్కడ ఆగిపోయింది.

"అదీ," అంది వెర్నెల్. "నాలుగు మడతలు పెట్టి, అడుగు దాకా కుక్కి. తీయాలంటే ఒక క్షణం ఎక్కువ పడుతుంది. ఆ క్షణంలో తొంభై వేలమంది అరుస్తారు. అరిచేసరికి నీ చెయ్యి ఊరికే వచ్చేస్తుంది. అక్కడ ఎందుకు పెడతావు?"

"టీవీ వాళ్ళొస్తే గుడ్డ వేలాడటం బాగోదని అప్పటి మా రెఫరీల పెద్దాయన ఒకసారి అన్నాడక్కా. నీటుగా ఉండేవాళ్ళకే కొత్త సంవత్సరం ఆటలు వస్తాయన్నాడు."

"ఎన్నేళ్ళయింది అని?"

"పదమూడు."

"ఇప్పుడాయన ఏడీ?"

"పోయి ఐదేళ్ళయింది."

మెర్ల్ ఫక్కున నవ్వాడు, నురగ తువ్వాలు మీద పడింది. వెర్నెల్‌కూ నవ్వొచ్చింది గానీ పెదవి బిగబట్టి ఆపేసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నువ్వు డబ్బు తీసుకున్నావని నేనెప్పుడూ అనుకోలేదురా. తీసుకుని ఉంటే ఒక్క తిట్టుతో పోయేది. నీకెవడూ పైసా ఇవ్వలేదు, నువ్వు పదమూడేళ్ళు వాళ్ళకు ఊరికే చేసిపెట్టావు. నాకు కడుపు మండింది అందుకు. నేను పెంచిన చెయ్యి అది." నోటుపుస్తకం మూసి సంచిలో వేసుకుంది. "శనివారం బైనాక్యులర్లతో వస్తా. బ్రాంట్లీ గెలవక్కర్లేదు. నీ చెయ్యి చూపించు, ఆదివారం భోజనానికొస్తా. లేకపోతే ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యమని ఓపల్‌తో చెప్పు."

 

శనివారం ఎండ బ్రహ్మాండంగా కాసింది. స్టేడియం బయట మాంసం కాలే పొగ, బాజాల మోత, ముఖాలకు రంగులు పూసుకున్న తాతలు. లూథర్ డ్రెస్సింగ్ రూమ్‌లో గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టాడు, అలవాటు చొప్పున. తర్వాత విప్పేశాడు. బెల్టులో ముందువైపు దోపి, జానెడు తోక బైటికి వదిలాడు. అద్దంలో చూసుకుంటే తనకే నవ్వొచ్చింది.

ఆట రెండో పావుభాగంలో, బంతి ఇంకా రాకముందే బ్రాంట్లీ కుర్రాడు అవతలివాణ్ణి తోశాడు. గుడ్డ పడింది. బ్రాంట్లీ అభిమానుల మూలలోంచి తిట్లు వచ్చాయి, అందులో ఒక ఆడగొంతు లూథర్‌కు బాగా తెలిసినదే. సరే, ఈ ఆదివారమూ కుర్చీ ఖాళీయే అనుకున్నాడు. అయినా చెయ్యి తేలిగ్గా ఉంది.

ఆట చివరికొచ్చేసరికి బ్రాంట్లీ ఇరవై ఒకటి, కాల్డ్‌వెల్ పంతొమ్మిది. నలభై సెకన్లు మిగిలాయి. కాల్డ్‌వెల్ కుర్రాడు బంతి చంకలో పెట్టుకుని గీత పక్కగా దూసుకొచ్చాడు. అతనికి అడ్డుపోబోయిన బ్రాంట్లీవాణ్ణి డెబ్భై నాలుగో నంబరు వెనకనుంచి చొక్కా పట్టి గుంజాడు. దేవుడికి హాస్యం ఎక్కువ, మళ్ళీ లూథర్ ముందే. స్టేడియం లేచి నిలబడింది. అరుపు ఇంకా గొంతుల్లోంచి బయటపడేలోపే పసుపు గుడ్డ గాల్లో ఉంది. ఓపల్ అలసందలు దాన్ని సరిగ్గా తప్పు జరిగిన చోటికే తీసుకెళ్ళి పడేశాయి.

ఆ తర్వాత వచ్చిన అరుపు లూథర్ జన్మలో వినలేదు. కోలా గ్లాసులు వచ్చాయి, ఒక బూటు వచ్చింది. తెల్లటోపీ పెట్టుకున్న పెద్ద రెఫరీ పరిగెత్తుకొచ్చాడు.

"లూథర్, గట్టిగా చెప్పు. చూశావా?"

"ఆ కుర్రాడి చొక్కా ఇంకా భుజం దిగి ఉంది చూడండి. చూశాను సార్. పోయినేడు కూడా చూశాను."

తెల్లటోపీ ఆయనకు ఆ రెండో మాట అర్థం కాలేదు. చెయ్యెత్తి, ఈలోపు ఆఖరి గీత దాటేసిన ఆ పరుగుకు వచ్చిన పాయింట్లు కొట్టేశాడు, కాల్డ్‌వెల్‌ను పది గజాలు వెనక్కి పంపాడు. చొక్కా పట్టిన డెబ్భై నాలుగోవాడు ఒక్కమాట ఎదురు చెప్పలేదు, వాడికి తెలుసు.

కాల్డ్‌వెల్ ఓడిపోతే కథ ఇంకా బాగుండేది. ఓడలేదు. మూడు సెకన్లుండగా సన్నటి కుర్రాడొకడు వచ్చి, యాభై గజాల నుంచి బంతిని తన్ని గోలు స్తంభాల మధ్యలోంచి పంపాడు, దానికి మూడు పాయింట్లు. ఇరవై రెండు, ఇరవై ఒకటి. రెండో ర్యాంకు రెండుగానే ఉంది, టీవీ సొమ్ము ఎక్కడికీ పోలేదు. గెలవబోయే ఆటను చెడగొట్టబోయాడని కాల్డ్‌వెల్ వాళ్ళు తిట్టారు. రెండో పావులో గుడ్డ వేశాడని బ్రాంట్లీ వాళ్ళు తిట్టారు. లూథర్ కోలాలో తడిసి, మోకాళ్ళు పట్టుకుని, పెళ్ళికొడుకులా నవ్వుతూ లోపలికి నడిచాడు.

ఆదివారం ఓపల్ ఉప్పు పంది మాంసం వేసి అలసందలు వండింది. మొక్కజొన్న రొట్టె, ఆకుకూర. మూడు కంచాలు పెట్టింది, పెట్టి మూడోది తీసింది, మళ్ళీ పెట్టింది. లూథర్ చూసీ చూడనట్టున్నాడు. చర్చి వదిలి ముప్పావుగంటయింది. వెర్నెల్ ఇల్లు చర్చికి నాలుగు నిమిషాలు.

"తినేద్దాం," అన్నాడు.

"ఇంకో ఐదు నిమిషాలు," అంది ఓపల్.

అంతలో తలుపు, కొట్టకుండానే, తెరుచుకుంది. చేతిలో కారమెల్ కేకుతో వెర్నెల్ లోపలికొచ్చింది. "ఈ కేకు పైపూత గట్టిపడక చచ్చాను, అందుకే ఆలస్యం," అంటూ నేరుగా కిటికీ పక్కకు వెళ్ళి, తన కుర్చీలో కూచుంది. పిల్లి ఎక్కడినుంచో వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది.

"రెండో పావులో మావాడి మీద గుడ్డ వేశావు," అంది వెర్నెల్.

"తప్పు చేశాడక్కా."

"చేశాడు. నేనూ అలాగే రాసుకున్నాను. తిట్టడం మాత్రం తిట్టాను, తిట్టకపోతే టికెట్ దండగ." ఇంకో గరిటె అలసందలు వడ్డించుకుని నమిలింది. "ఓపల్, ఇవేమిటి, కొన్ని మెత్తగా ఉన్నాయి, కొన్ని పళ్ళు ఊడగొట్టేలా ఉన్నాయి?"

"గట్టివి గుడ్డలోవి, వదినా. ఇక దాంతో పనిలేదు కదాని విప్పి కలిపేశా. ఆగస్టునుంచి మైదానాల్లో దెబ్బలు తిన్నాయి, ఓ పట్టాన ఉడకలేదు."

వెర్నెల్ నములుతున్నది ఆపింది. కంచంలోకి చూసింది, తర్వాత తమ్ముడి కుడిచెయ్యి వైపు చూసింది. బళ్ళో మొదటిసారి ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పిన కుర్రాణ్ణి చూసినట్టు చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, దానికి కారణం మిరియాలని ఎవరూ నమ్మలేదు.

"అయితే నిజం చెప్పు," అంది, ముక్కు తుడుచుకుని. ఇరవై ఆరేళ్ళలో ఊరంతా అడిగినా ఆవిడ ఏనాడూ అడగని మాట అది. "ఎంతిచ్చార్రా?"

లూథర్ దగ్గర దానికి పాత జవాబు సిద్ధంగా ఉంది. పన్నెండు డాలర్లు, నోరు మూసుకుంటే పది. అది వదిలేశాడు. కిటికీ పక్క కుర్చీ వైపు చెయ్యి చూపించి, "ఇది," అన్నాడు, కేకు పళ్ళెం అక్క ముందుకు జరిపాడు.