అలాంటి పిల్ల ఇక్కడ లేదన్నాను

దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు ఊళ్లో, సెక్టర్ 6లో ఒక బడిలో నేను ఆయాని. మా బడి నుంచి ఏడుగురు ఆడపిల్లలు పది రోజులు జపాన్ వెళ్తారని తేలినప్పుడు, వాళ్లను తయారు చేసే పనిలో సగం నా మీద పడింది. నేను చేసిన పెద్ద ప్రయాణం దుర్గ్‌లో రైలెక్కి శ్రీకాకుళం రోడ్‌లో దిగడమే. అయినా హెడ్ టీచరుగారు బట్టల సర్దుబాటు, తిండి అలవాటు నాకే అప్పగించారు. అక్కడ పుల్లలతో తింటారట. స్వెటర్లు అల్లే సూదులు పిల్లల చేతికిచ్చి, ఉడికించిన వేరుసెనగ గింజలు ఎత్తమనేదాన్ని.

"ఆకలితో సచ్చిపోతాం మామ్మా. ఆళ్లకి సేతులుండవేటి?"

"ఉంటాయి గానీ, నీలాగ మోచేతి దాకా పులుసు పామేసుకోరు."

ఇలా అడిగిన పిల్లది క్యాంప్ 2 బస్తీలో మా గల్లీయే, మా ఇంటికి రెండిళ్ల అవతల. నాకు యాభై దాటాక, చర్చిలో మధ్యాహ్నం క్లాసులో అక్షరాలు వచ్చాయి. అప్పుడు నాలుగో తరగతి చదివే ఆ పిల్ల మా అరుగు మీద కూర్చుని నాతోపాటు దిద్దేది. దానికి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. ఇద్దరం కలిసే నేర్చుకున్నాం.

మా గల్లీలో ఒక కట్టుబాటు ఉంది. కొత్తవాడెవడైనా ఫైలు పట్టుకుని వచ్చి ఫలానావాళ్ల ఇల్లెక్కడ అంటే చెప్పకూడదు. కోర్టు కాగితం తెచ్చాడో, ఇల్లు ఖాళీ చెయ్యమంటాడో ఎవరికి తెలుసు? ఒక ఆదివారం నేను వడియాలు పెడుతుంటే, మామూలు చొక్కా వేసుకున్న మనిషి మోటారు సైకిలు ఆపి, ఆ పిల్ల పేరు, తండ్రి పేరు చదివాడు. తండ్రి ప్లాంటులో షిఫ్టులో ఉన్నాడు, ఫోను తియ్యలేదట. తల్లీ పిల్లా దుర్గ్ బజారుకు వెళ్లారు.

"తెలీదు భయ్యా, అలాంటి పిల్ల ఇక్కడ లేదు" అన్నాను హిందీలో. ఎదురింటామె నా వంక చూడకుండానే అదే మాట చెప్పింది. అది చాలదన్నట్టు నేను అతన్ని పక్క గల్లీ చివరికి పంపించాను.

"సూసినావా వదినా, ఎంత నిబ్బరంగా సెప్పీసినానో!" అని ఎదురింటామె మురిసిపోయింది.

మూడు వారాలకు ఆరు పాస్‌పోర్టులు వచ్చాయి. ఏడోది రాలేదు. ఆ పిల్ల బడి మెట్ల మీద కూర్చుని ఫోనులో వచ్చిన సందేశం చదివింది.

"మామ్మా, నేను మా ఇంట్లో ఉండట్లేదంట. పోలీసు వచ్చి అడిగితే ఎవులో లేదని సెప్పీసినారంట."

నవ్వబోయి ఏడ్చింది. పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. అది కళ్లు తుడుచుకుని నన్నే చూసింది.

"నువ్వేనా? మరి పక్క గల్లీకెందుకు తోలీసినావు?"

లేచి దాని చెయ్యి పట్టుకుని హెడ్ టీచరుగారి గదికి తీసుకెళ్లాను.

ప్రయాణానికి ఇంక ఇరవై రోజులే. మళ్లీ విచారణ చెయ్యమని అర్జీ పెట్టించి, హెడ్ టీచరుగారు మమ్మల్ని పోలీస్ స్టేషనుకు పంపారు. పిల్ల, తల్లి, ఎదురింటామె, నేను వెళ్లాం. ఆ మనిషే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు హిందీలో.

"నువ్వు ఏ పని మీద వచ్చావో చెప్పలేదు కదా బాబూ."

"యూనిఫారం వేసుకుని వస్తే అస్సలు చెప్పం సాబ్" అంది ఎదురింటామె. నేను ఆమె కాలు తొక్కాను. అతను నవ్వి, "రేపు వస్తా. ఇద్దరు సాక్షులు ఉండాలి" అన్నాడు.

మర్నాడు ఇద్దరు కాదు, గల్లీ అంతా బయట నిలబడింది. ఒకరు కుర్చీ వేశారు, ఒకరు టీ తెచ్చారు. ఒక ముసలామె ఆ పిల్ల పుట్టినప్పుడు బొడ్డు కోసింది తానేనని చేతులూపి చెప్పింది. "ఒక్కొక్కరు మాట్లాడండి!" అని అతను మొత్తుకున్నాడు.

సాక్షి సంతకం దగ్గర అతను వేలిముద్ర సిరా నా ముందుకు జరిపాడు. పెన్ను అడిగాను. సంతకం చాలన్నాడు గానీ నేను కింద నాలుగు వరుసలు తెలుగులో రాశాను. అంతసేపూ అతను టీ తాగుతూ ఆగాడు.

"ఇది నేనెలా చదవను?"

"ఆ పిల్ల చదువుతుంది."

అది కాగితం తీసుకుని కూడబలుక్కుంటూ చదివి, హిందీలో చెప్పింది. ఈ పిల్లను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది అన్నంతవరకు మెల్లగా చదివింది. "ఆ రోజు నేను అబద్ధమాడాను" అన్న వరుసను మాత్రం గల్లీ చివరిదాకా వినబడేలా, రెండుసార్లు చదివింది.

ప్రయాణానికి పది రోజుల ముందు, వీసాకు సరిపడా, పాస్‌పోర్టు వచ్చింది. తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌కు ఇల్లు చూపించడానికి తొమ్మిదిమంది వెంట నడిచారు.