మిషన్ల పిన్నికి నచ్చని మోటారు

మొదట వచ్చింది కత్తెర. కుట్టు మిషను బాగుచేయించుకోడానికి వచ్చినావిడ ఒకరు తన ఫోను ముందుకు చాచి, "ఏం పిన్నీ, చెప్పకుండా కత్తెర్ల కంపెనీ పెట్టావా?" అని నవ్వింది. తెర మీద, అందరూ చేరే ఒక సైటులో, ఎర్ర పిడి కత్తెర ప్రకటన, పక్కన పిన్ని ఫొటో, కింద "మిషన్ల పిన్నికి ఇది నచ్చింది" అన్న మాట. ఆ కత్తెరని ఆమె ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. తర్వాత సూదుల పెట్టె వచ్చింది. ఆ తర్వాత నూనె డబ్బా. పేరు వాడుకునేముందు ఆమెని ఎవరూ అడగలేదు, ఎందుకు వాడుకున్నారని ఆమె కూడా ఎవరినీ నిలదీయలేదు. "ఊరికే వాడుకుంటున్నాం కదా ఆ సైటుని. నా పేరేమన్నా అరిగిపోతుందా?" అని ఏళ్ళ తరబడి సర్దుకుపోయింది.

పేరు కూడా అరుగుతుందని ఒక మోటారు వచ్చాక తెలిసింది.

పిన్ని దుకాణం బస్సు డిపో వెనక సందులో ఉంటుంది. ఒకటే గది. షట్టరు సగం దాకానే లేస్తుంది కాబట్టి ఎంత గొప్పవాళ్ళయినా వంగి లోపలికి రావలసిందే. లోపల మిషన్ల తలకాయలు ఒక పక్క, బల్లలు ఒక పక్క, వాటి మధ్య పిన్ని. ఆమె ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టేది. మిషను ఆగితే మెకానిక్కు వచ్చేదాకా కూలీ కూడా ఆగేది. అలా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు, తనే విప్పి చూడడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ విప్పడమే కూడు పెట్టింది. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆమె ఊరందరికీ పిన్ని కాబట్టి ఆయన తన ప్రమేయం లేకుండానే బాబాయి అయిపోయాడు.

ఆమెని ఆ సైటులోకి ఎక్కించింది తమ్ముడు. ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. సైటుకి ఏదో పెద్ద పేరుంది గానీ, ఒకరు రాసింది అందరికీ కనిపిస్తుందని సందులో జనం దాన్ని 'గోడ' అనేవారు.

"ఫోనులో ఉన్నవాళ్ళందర్నీ పిలవమంటావా అని అడుగుతోందక్కా," అన్నాడు తమ్ముడు.

"పిలవమను. వచ్చినవాళ్ళకి మనమేమన్నా భోజనాలు పెట్టాలా?"

వాడు నొక్కాడు. గ్యాసు బండ తెచ్చే అతనికి, పళ్ళ డాక్టరుకి, పాత ఫ్యాక్టరీలో ఆమెతో మాటల్లేని సూపర్‌వైజరుకి, ఎప్పుడో పోయిన మేనత్త నంబరుకి కూడా ఆహ్వానాలు వెళ్ళిపోయాయి.

"మీ మేనత్త వస్తానంటే మాత్రం ముందుగా చెప్పు," అన్నాడు బాబాయి. "నేను డబుల్ డ్యూటీ వేయించుకుంటాను."

గోడ పెరిగింది ఇలాగే. ప్రచారానికి పెద్దగా ఖర్చు పెట్టలేదు. ఒక్కొక్కరి జేబులోంచి నంబర్లన్నీ తీసుకుని, "మీవాళ్ళు ఇక్కడున్నారు, మీరే రాలేదు" అని అందరికీ చెప్పింది. వచ్చినవాడు ఇంకో పదిమందిని లాక్కొచ్చాడు. అందరూ చేరాక బయటికి పోవడం కష్టమైంది, ఎందుకంటే పోయేవాడు గోడని కాదు, తనవాళ్ళని వదిలిపోవాలి. మొదట్లో అక్కడ ఒక్క ప్రకటన కూడా ఉండేది కాదు. జనం కుదురుకున్నాక ప్రకటనల దుకాణం తెరిచింది.

పిన్ని అక్కడ కుట్టు మిషన్ల బృందం ఒకటి పెట్టింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఫొటోలు పంపేవాళ్ళు. "గుడ్డ కింద దారం గుత్తి కడుతోంది పిన్నీ" అని ఒకరంటే, "గుడ్డని నొక్కే పాదం పైకెత్తి పైదారం మళ్ళీ ఎక్కించు తల్లీ, పాదం దించి ఎక్కిస్తే దారం బిగుతు బిళ్ళల మధ్య కూర్చోదు" అని ఈమె జవాబు. అన్నం తింటూ ఒకరికి, బస్సులో కూర్చుని ఒకరికి. బృందం పెద్దదయింది. తిట్టుకునేవాళ్ళని విడదీయడం, దొంగ సరుకు అమ్మేవాళ్ళని తరిమేయడం కూడా ఆమె పనే. ఆ పనికి గోడ ఆమెకిచ్చింది పేరు పక్కన ఒక నీలం నక్షత్రం.

ఆమెకి ఒక అలవాటుంది. దుకాణంలో ఏ మిషను చూసినా బల్ల మీద సుద్దతో ఒక గీత గీస్తుంది. 'చూశాను, ఇక మళ్ళీ చూడనక్కర్లేదు' అని తనకి తాను చెప్పుకోవడం. గోడ మీద సుద్ద లేదు కాబట్టి అక్కడుండే 'లైక్' బొటనవేలి గుర్తునే గీతలా వాడుకుంది. ప్రశ్న చూస్తే బొటనవేలు. విరిగిన బాబిన్ ఫొటో చూస్తే బొటనవేలు. బృందంలోకి ఏ కొట్టువాడు ఏ సరుకు తెచ్చిపెట్టినా, బాగుందా బాగోలేదా అన్నది తర్వాత సంగతి, ముందు బొటనవేలు.

గోడకి ఈ గీతల లెక్క తెలియదు. దాని భాషలో బొటనవేలంటే నచ్చిందనే. అది వాడేవాళ్ళ దగ్గర పైసా తీసుకోదు. మన చూపు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి, ఆ చోటుని అమ్మేవాళ్ళకి అద్దెకిస్తుంది. ప్రకటన పక్కన మనకి తెలిసినవాళ్ళ ముఖం ఉంటే చూపు ఎక్కువసేపు ఆగుతుందని దానికి తెలుసు. అందుకని ఆ ముఖాన్ని కూడా అద్దెకిస్తుంది. ముఖం గలవాళ్ళకి ఆ విషయం చెప్పదు.

ఒక కంపెనీ తొక్కుడు మిషన్లకి బిగించుకునే చవక మోటారు తెచ్చింది. ఆ ప్రకటన పిన్ని బృందంలోకి వచ్చింది, ఆమె అలవాటు కొద్దీ చూశానని నొక్కింది. దుప్పట్లు కుట్టి అమ్ముకునే ఒకావిడ, మోకాళ్ళ నొప్పులతో తొక్కలేక అవస్థపడుతున్నావిడ, తన ఫోనులో ఆ మోటారునీ దాని కింద పిన్ని పేరునీ చూసింది. ఇంకెవర్నీ అడగకుండా తెప్పించుకుంది. పెడల్ మీంచి కాలు తీసినా మోటారు ఆగలేదు. గుడ్డ సర్దబోయిన చూపుడువేలి గోట్లోంచి సూది దిగింది.

ఆసుపత్రి నుంచి రాగానే దుప్పట్లావిడ కట్టు కట్టిన వేలి ఫొటో గోడ మీద పెట్టింది. 'పిన్ని మాట నమ్మినందుకు నాకు దక్కింది' అని రాసింది. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. కమీషన్ తినేసిందన్నారు, ముసలిదానికి డబ్బాశ అన్నారు. తిట్టిన ప్రతివాడి వల్లా ఆ ఫొటో ఇంకొందరికి చేరింది. దాని పక్కనే గోడ అదే మోటారు ప్రకటన చూపిస్తూ పోయింది.

మర్నాడు పిన్ని దుకాణం తెరవలేదు. నేరుగా దుప్పట్లావిడ ఇంటికి వెళ్ళింది. ఆవిడ తలుపు సగం తీసి పట్టుకుని నిలబడింది.

"ఎంతిచ్చారు పిన్నీ నీకు?"

"ఎవరు?"

"మోటారు వాళ్ళు. కొన్నవాళ్ళందరి వేళ్ళకీ కలిపి ఇచ్చారా, నా వేలికి విడిగా ఇచ్చారా?"

"ఆ మోటారు నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలీదమ్మా."

"తెలీకుండానే నచ్చిందా?"

పిన్ని గుమ్మంలోనే చతికిలబడి, తన సుద్ద గీత సంగతీ బొటనవేలి సంగతీ చెప్పుకుంది. దుప్పట్లావిడ విన్నది. కోపం పూర్తిగా పోలేదు గానీ తలుపు మాత్రం పూర్తిగా తెరిచింది. "ఇదంతా నాకు చెప్పి ఏం లాభం? ఆ తిట్టేవాళ్ళందరికీ చెప్పు. నీ మాట మీద మిషను విప్పేవాళ్ళు ఇకమీద విప్పుతారా?"

అసలు బాధ అదే. పిన్నికి దుకాణంలో ఉన్న పనిముట్లన్నీ పోయినా మళ్ళీ కొనుక్కోగలదు. మాట పోతే ఎక్కడ కొనాలి?

జరిగిందంతా రాసి బృందంలో పెట్టింది. దాన్ని చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ జనం. తమ్ముడిని వెంటబెట్టుకుని గోడ వాళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. అద్దాల గదిలో ఒక అమ్మాయి మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"మీరు చేరినప్పుడే ఒప్పుకున్నారండీ. నిబంధనల్లో ఉంది."

"ఆ నిబంధనలు నువ్వు చదివావా తల్లీ?" అని అడిగింది పిన్ని.

ఆ అమ్మాయి కాస్త నవ్వి తల అడ్డంగా ఊపింది. "మీరు నొక్కిన బొటనవేళ్ళు ఒక్కొక్కటిగా తీసేసుకోవచ్చండీ. మీ వివరణ ఎక్కువమందికి చేరాలంటే మాత్రం దాన్ని ప్రకటనగా పెట్టుకోవాలి. చవకలో పడే ప్యాకేజీ ఒకటుంది."

"అంటే నా పేరు పెట్టి అబద్ధం చెప్పడానికి మోటారువాడు మీకు డబ్బిచ్చాడు. అది అబద్ధమని చెప్పడానికి నేనివ్వాలా?"

"అలా కాదండీ..."

"మరెలాగో చెప్పు."

ఇదంతా రాస్తున్న నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా చెప్పడానికి మరో జవాబు ఉండదు, ఎందుకంటే ఆ ఇల్లు నిలబడిందే ఆ రెండువైపుల రాబడి మీద.

పిన్ని ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బాబాయి ఒక ఉపాయం చెప్పాడు. "నువ్వు నెమ్మదిగా చెబితే ఎవరికీ చూపించట్లేదు. ఆవిడ తిడితే ఊరంతా చూపించింది. మీరిద్దరూ జుట్టూజుట్టూ పట్టుకోండి, పైసా ఖర్చుండదు."

నవ్వులాటకన్నాడు. ఆ మాట చెవిన పడ్డ దుప్పట్లావిడ మాత్రం నవ్వలేదు. ఆటో కట్టించుకుని దుకాణానికి వచ్చి, షట్టరు కింద వంగి లోపలికొచ్చి, తమ్ముడిని ఫోను పట్టుకోమంది. "ఏవమ్మా, నా వేలు చూడు!" అని మొదలుపెట్టింది. నిజంగానే అరిచింది. నువ్వెందుకు నొక్కావంటే ఈమె చెప్పింది. మరి నీ పేరెందుకు వేశారంటే అదీ చెప్పింది. నీకేమిచ్చారంటే, "ఒక నీలం నక్షత్రం!" అని పిన్ని కూడా గొంతు చించుకుంది. చివర్లో ఇద్దరూ ఫోను వైపు తిరిగి, ఈ మోటారు కొన్నవాళ్ళు వెంటనే ప్లగ్గు పీకేయండి అని చెప్పారు. 'ఇద్దరాడవాళ్ళ కొట్లాట' అని పేరు పెట్టి వదిలారు. గోడ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించింది.

పిన్నికి మాట తిరిగి దక్కింది. తిట్టినవాళ్ళలో కొందరు క్షమించమన్నారు, కొందరు తమ తిట్లు చెరిపేసి ఊరుకున్నారు. ఆమె కూర్చుని తన పాత బొటనవేళ్ళన్నీ తీసేసింది. ఆమె ఫొటోతో మోటారు ప్రకటన రావడం ఆగింది.

కొన్నాళ్ళకి పిన్ని ఫోనులోనే అదే మోటారు మళ్ళీ కనిపించింది. ఈసారి కింద వేరే పేరుంది. దుప్పట్లావిడది. మోటారు కంపెనీకి ఫిర్యాదు పంపాలంటే ముందు గోడ మీద వాళ్ళ పేజీని అనుసరించాలన్నారట, అంటే 'ఫాలో' నొక్కాలన్నారట. ఆవిడ అనుసరించింది. గోడ దాన్ని కూడా ఇష్టం కిందే కట్టుకుంది. కట్టు విప్పని వేలితో ఆవిడ ఆ మోటారుకి పూచీ పడినట్టయింది.

అప్పుడే ఆ ఇద్దరూ మా వినియోగదారుల సంఘానికి వచ్చారు. ఒక్కొక్కరూ తమ గుర్తులు తీసేసుకుంటే సరిపోదనీ, తీసిన ముఖం స్థానంలోకి ఇంకో ముఖం వస్తుందనీ వాళ్ళు చెప్పాక మేము అనవలసింది ఏమీ మిగల్లేదు. ఒక మనిషి పేరునీ ఫొటోనీ ఏ సరుకు పక్కన పెట్టాలన్నా, ఆ సరుకు చూపించి, ఆ మనిషిని అడిగి, సరేనంటేనే పెట్టాలి. మేము కోరుతున్న నిబంధన ఇంతే.

చదివినవాళ్ళు ఫోను పక్కన పెట్టేముందు ఒక పని చేయండి. మీకు కనిపించే ప్రకటనల కింద మీకు తెలిసినవాళ్ళ పేరుంటే, ఆ మనిషికి ఫోను చేసి, "ఇది నిజంగా నీకు నచ్చిందా?" అని అడగండి. నచ్చలేదని వాళ్ళంటే ఆ ప్రకటనని ఫొటో తీసి, వాళ్ళ మాట జతచేసి, వినియోగదారుల రక్షణ కార్యాలయానికి మీ పేరుతో ఫిర్యాదు రాయండి. రాయడం రాకపోతే డిపో వెనక సందులోకి రండి, పిన్ని దగ్గర కూర్చుని రాసిపెట్టే మనిషి రోజూ మధ్యాహ్నం ఉంటారు. ఇప్పటికి మా దగ్గరున్నవి కొద్దిపాటి ఫిర్యాదులే, వాటిని చూసి కార్యాలయం వాళ్ళు ఇది ఇద్దరాడవాళ్ళ గొడవ అనుకుంటున్నారు. కాదని మీరే చెప్పాలి.