పాట ఆగితే నాయిన ఆగుతాడు

మా నాయినకు అమావాస్య పడదని వాడంతా నమ్మింది. ఇంటర్ రెండోసారి రాసి గట్టెక్కిన నేను చదువుకున్నదాన్నని తెగ నీలిగేదాన్ని. అయినా నేనూ నమ్మాను. జరిగింది చూస్తే మీరూ నమ్మేవారు.

డెబ్బైల చివరి రోజులవి. వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే వాడ. ఇంటింటికీ ఒక గుంటమగ్గం ఉండేది. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా అన్నిళ్లలోనూ ఒకటే చప్పుడు. నాయినకు ఏభై దాటగానే కుడిచేయి వణకడం మొదలైంది. తెగిన పోగు ముడివేయలేక మగ్గం దిగిపోతే, ఆయన కూర్చునే గుంటలో అమ్మ కూర్చుంది. నేను నూలు కండెలు చుట్టేదాన్ని. తర్వాత నాయిన అడుగులు చిన్నవయ్యాయి, మొఖంలో కదలిక తగ్గింది. అయినా రోజూ మలుపు మీది హోటల్‌దాకా మెల్లగా నడిచివెళ్లి చాయ్ తాగి వచ్చేవాడు.

అమావాస్య నాడు మాత్రం గడప దగ్గర ఆగిపోయేవాడు. చేయి పట్టి లాగితే ఒళ్లు ముందుకు వచ్చేది గానీ పాదాలు వచ్చేవి కావు.

"నడువు నాయినా" అని నేను విసుక్కుంటే, "నడుద్దామనే చూస్తున్న బిడ్డా, కాళ్లే లేస్తలెవ్వు" అనేవాడు.

వరసగా మూడు అమావాస్యలు ఇదే తంతు. తెల్లవారి పాడ్యమినాడు లేచి, ఏమీ జరగనట్టు చాయ్‌కి బయలుదేరేవాడు. ఇక అమ్మను ఆపడం ఎవరి తరం?

"మీ నాయినకు గాలి సోకిందే" అని తేల్చేసింది. వాతలు పెట్టే ముసలాయన ఒకాయనను వచ్చే అమావాస్యకు రమ్మని కబురు పెట్టింది. కాల్చిన ఇనుపకడ్డీతో రెండు పిక్కల మీదా వాతలు పెడతాడట. అమ్మతో నోరు పోయేలా పోట్లాడాను. అలిగి ఒక పూట అన్నం మానేశాను, అది నాకే నష్టం. దవాఖానకు తీసుకుపోదామన్నాను.

"దవాఖానల అమాసకు మందుందా?" అని అడిగింది అమ్మ.

ఆ అమావాస్యకు ఇంకా పదిరోజులుందనగా వాడలో ఒక పెద్దాయన చనిపోయాడు. శవం లేచేదాకా ఎవరూ మగ్గం ఎక్కకూడదు. కడసారి చూసివద్దామని చెప్పులేసుకున్న నాయిన, గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

అమ్మ మొఖం తెల్లబడింది. "ఇయ్యాల అమాస కాదు గదనే! ఇగ రోజు ఇట్లనేనా?"

ఆ మాట పూర్తికాకముందే శవం ముందు డప్పులు మొదలయ్యాయి. నాయిన కుడికాలు లేచింది. గడప దాటాడు. రెండో అడుగు, మూడో అడుగు, అన్నీ నిండు అడుగులే. నేను చిన్నప్పుడు చూసిన నడక అది. చూస్తుండగానే వెళ్లి శవం వెనకాల నడిచేవాళ్లలో కలిసిపోయాడు.

"అయ్యో, పీనుగెంబడి పోతాండే! ఆపే!" అని అమ్మ గుండెలు బాదుకుంది.

నేను ఉరికాను. మలుపు దాటాక పాడె కిందికి దించారు, డప్పులు ఆగాయి. నాయినా ఆగాడు. పాడె మళ్లీ లేచినా ఆయన కదల్లేదు. డప్పు మీద దెబ్బ పడగానే కదిలాడు. నడిరోడ్డు మీద నాకప్పుడు లెక్క తెలిసింది.

మా వాడలో సెలవంటే ఆదివారం కాదు, అమావాస్య. తాతల కాలం నుంచీ ఆ ఒక్కరోజు ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్న చప్పుడు కనుక, అది ఆగిన సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. అందరం చంద్రుణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాం. నాయిన ఇన్నాళ్లూ నడిచింది మా మగ్గాల తాళం మీద.

మరునాడు అమ్మకు చెప్పకుండా నాయినను రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ కుర్రాడే. నవ్వుతాడేమోనని గొడవకు సిద్ధపడే మొత్తం చెప్పాను. అతను నవ్వలేదు. నాయినను పొడవాటి వరండాలో నిలబెట్టి నడవమన్నాడు. నాయిన కదల్లేదు. అప్పుడు పెన్నుతో బెంచీ మీద టక్ టక్‌మని కొట్టాడు. నాయిన వరండా చివరిదాకా నడిచాడు. డాక్టర్ పెన్ను అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"మనం అడుగడుగుకు ఆలోచించి నడువం గదమ్మా. మెదడు లోపల్నే తాళం కొడుతది. ఈయనకు అది సన్నగిల్లింది. బయట తాళం దొరికితే, అది చెవి నుంచి వేరే తొవ్వల కాళ్లకు అందుతాంది. పుస్తకంల చదివిన గని, కండ్లార చూసుడు ఇదే మొదలు" అన్నాడు. "జబ్బు పోదు. గోలీలు రాసిస్త. తాళం మాత్రం ఇడువకుండ్రి."

ఇంటికి వచ్చేదాకా రిక్షాలో నాయిన తలనే చూస్తూ కూర్చున్నాను. వారం వారం నేను నూనె రాసే తలే. దాని లోపల ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి తెరుచుకోవడమేమిటి, ఆ దారి తలుపు ఒక డప్పు దెబ్బకు, ఒక పెన్ను చప్పుడుకు తెరుచుకోవడమేమిటి! దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక ఊరుకున్నాను.

ఇదంతా చెబితే అమ్మ మాత్రం నమ్మలేదు. అమావాస్య పొద్దున ముసలాయన వచ్చి వాకిట్లో పిడకల నిప్పు చేసి కడ్డీ పెట్టాడు. ఇరుగుపొరుగు చేరారు. నాయిన గడప లోపల నిలబడిపోయి ఉన్నాడు.

"పాడితే నడుస్తడు, చూడుండ్రి" అని నేను చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నాను. భయానికి చప్పట్లు ఉరికాయి. నాయిన మడమలు లేచాయి గానీ వేళ్లు నేలనే పట్టుకున్నాయి. ముందుకు తూలి పడబోతే పట్టుకున్నాను. కడ్డీ కొన ఎర్రబడింది.

నాయిన అమ్మ వైపు చూశాడు. "బిడ్డ తాళం ఉరుకుతాంది. నువ్వు పాడు."

బతుకమ్మ పండుగకు వాడంతటికీ పాట ఎత్తి ఇచ్చేది మా అమ్మే. ఇంట్లో మాత్రం ఎన్నడూ ఒక్క పాట పాడి ఎరగదు. "నేనా? ఇంతమందిల?" అంది. ముసలాయన కడ్డీ తీసుకుని లేచాడు. దాని వైపు ఒకసారి చూసి, అమ్మ కొంగు నడుముకు దోపి చప్పట్లు మొదలుపెట్టింది. వరస బతుకమ్మ పాటది, మాటలు ఆమె సొంతం. గాబరాలో నోటికి వచ్చినవి తిట్లే.

"ఊరందరికి నేస్తివి, నాకు ఒక్కటి నెయ్యకపోతివి. అడిగిన మాటకు ఒక్కనాడు జవాబియ్యకపోతివి."

నాయిన కాలు లేచింది. గడప దాటింది. వాకిట్లోకి వచ్చి నిప్పు పక్కనుంచే నడిచాడు. జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. అమ్మ చప్పట్లు కొడుతూ ఆయన ముందు వెనక్కి వెనక్కి నడుస్తోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ముసలాయన కడ్డీని నీళ్లలో ముంచి, తన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. అది కూడా అమ్మ చూడలేదు. పాట ఆపితే నాయిన పడిపోతాడని ఆమె భయం. వాకిలి చుట్టూ తిప్పుతూనే ఉంది.

ఎన్నేళ్ల సంసారమైనా తిట్లు ఒకచోట అయిపోతాయి. అమ్మకూ అయిపోయాయి. ఒక్క క్షణం గొంతు తడబడింది, నాయిన అడుగు తడబడింది. ఆపడానికి వీల్లేదు. దొరికిన మాట అందుకుంది.

"ఆడపిల్లని మీ అవ్వ మొఖం తిప్పుకుంటె, ఎత్తుకొని వాడంత చూపిస్తివి. జరమొచ్చి నేను పడ్డనాడు, నా తలాపు నుంచి లేవకపోతివి. ఇంత మంచోనివని నీతోని ఒక్కనాడు నేను అనకపోతిని."

ఆ ఆడపిల్లను నేనే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

నాయిన ఆగాడు. అమ్మ ఇంకా పాడుతూనే ఉంది, చప్పట్లు పడుతూనే ఉన్నాయి, అయినా ఆగాడు. అమ్మ హడలిపోయి గొంతు పెంచింది.

నాయిన వణికే చేయి ఎత్తి ఆమె చప్పట్లను పట్టుకున్నాడు.

"ఆ ఆఖరుది" అన్నాడు. "జర మల్ల పాడు."