రేవు పక్కనే ఈతకొలను

ఆ కాలనీలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ పడవ మావయ్యే. ఇళ్ళకు ఇంకా పునాదులు కూడా పడకముందు, చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసి నీళ్ళెక్కడున్నాయో కనబడని రోజుల్లో పనిలో చేరాడు. రెండేళ్ళపాటు ఆ డెక్కను కొక్కెంతో లాగి, పడవకెత్తి, గట్టుకు చేర్చాడు. చెరువుకు మొహం వచ్చింది అతని చేతి చలవతోనే. ఆ తర్వాత చుట్టూ ఇళ్ళు లేచాయి, ఇళ్ళ ముందు కాలిబాట, బాట వెంట బెంచీలు, చెట్లు, ఆరుబయట కసరత్తు చేసుకునే ఇనుప సామాన్లు. లోపలికి మోటారు బండ్లు రానివ్వరు. పాల దుకాణానికైనా, పుస్తకాల గదికైనా నడిచే వెళ్ళాలి. ఎటు బయల్దేరినా దారి అతని రేవు మీదుగానే పోయేది.

రేవులో నాలుగు తొక్కుడు పడవలు, రెండు తెడ్ల పడవలు. సాయంత్రం అయిదయ్యేసరికి జనం వరుస కట్టేవాళ్ళు. "మావయ్యా, ఇవాళ మా వంతు!" "ఒక్క చుట్టు మావయ్యా!" అని బతిమాలుతుంటే మీసం చాటున నవ్వు దాచుకుని, "తొందరపడితే పడవ తిరగదు, కళ్ళు తిరుగుతాయి" అనేవాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా అతను చూపించిన చోటే కూర్చునేవాళ్ళు. ఆ సుఖానికి అతను ఇరవై రెండేళ్ళుగా అలవాటు పడిపోయాడు.

అలాంటి రేవుకు నలభై అడుగుల దూరంలో ఈతకొలను కట్టారు.

"కళ్ళెదురుగా ఇంత చెరువు పెట్టుకుని తొట్టిలో ఎవడు దిగుతాడే?" అన్నాడు భార్యతో. కాలిబాట మలుపులో ఆమెది టీ బండి.

దిగారు. నీలం గచ్చు, పక్కనే గొడుగులు, పడక కుర్చీలు, వాటి మీద తువ్వాళ్ళు. ఈత నేర్పడానికి మెడలో ఈల వేసుకుని ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. అందరూ కోచ్ మేడం అనేవాళ్ళు. అతను మాత్రం ఈలమ్మ అని పేరు పెట్టాడు. నెల తిరక్కముందే రేవు దగ్గరి వరుస కొలను గేటు దగ్గరికి మారిపోయింది. ఈల మోగినప్పుడల్లా అతని గుండెల్లో ముల్లు దిగేది. పడవలు తుడుస్తున్నట్టు నటిస్తూ కంచె మీద ఆరేసిన తువ్వాళ్ళు లెక్కపెట్టేవాడు. పదిహేడు. మర్నాడు ఇరవై ఒకటి. అన్నం సయించేది కాదు.

ఊరుకోలేక పుకారొకటి పుట్టించాడు. "ఆ నీళ్ళలో ఏదో మందు కలుపుతారటండీ, జుట్టు ఊడిపోతుందట" అని నడిచివెళ్ళే ప్రతివాళ్ళ చెవినా వేశాడు. రోజూ మూడు చుట్లు నడిచే లెక్కల మాస్టారు అది విని ఆగిపోయాడు. తన నున్నటి తలను ఒకసారి తడుముకుని, "అయితే నాకేం భయం లేదోయ్!" అంటూ ఆ సాయంత్రమే వెళ్ళి కొలనులో పేరు రాయించుకున్నాడు.

ఈర్ష్య మనిషిని కుదురుగా ఉండనివ్వదు. ఒకరోజు పొద్దున్నే ఈలమ్మ తన జట్టునంతా వెంటేసుకుని కాలిబాట మీద నడిపిస్తోంది. వాళ్ళ కళ్ళలో పడాలని మావయ్య తెడ్ల పడవ తీశాడు. ఎప్పుడూ విప్పని రక్షణ జాకెట్టు ఆ రోజు రేవులోనే వదిలేశాడు. ఆమె వేసుకోదు కదా, తనకెందుకు? అంతటితో ఆగకుండా పడవ కొస మీద లేచి నిలబడి, ఒక కాలు పైకెత్తి, తెడ్డుతో గట్టును ఒక్క తోపు తోశాడు. పడవ ముందుకు పోయింది. మావయ్య వెనక్కి పోయాడు.

అక్కడ నీళ్ళు తలమునకలు. రెండుసార్లు మునిగి తేలాడు. మూడోసారి మునిగేలోపు ఎవరో మెడ వెనక పట్టుకుని లాగారు. కళ్ళు తెరిచేసరికి రేవు మెట్ల మీద ఉన్నాడు. పక్కన ఈలమ్మ, బట్టలన్నీ తడిసి, ఆయాసపడుతూ.

ఆమె వంగి చెవిలో అడిగింది. "మావయ్యా, మీకు ఈత రాదా?"

 ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ తెలియని సంగతి. రాదన్నట్టు తల ఊపాడు. వెనకబడి మలుపు అవతలే ఉండిపోయిన మాస్టారూ మిగతావాళ్ళూ అప్పుడే పరుగెత్తుకొస్తున్నారు. ఆమె లేచి, "ఏం లేదండీ! తెడ్డు జారితే తీద్దామని దిగారు. కాలికి నాచు చుట్టుకుంది, అంతే" అంది.

ప్రాణం ఒక్కటే కాపాడి ఉంటే దణ్ణం పెట్టి ఊరుకునేవాడు. పరువు కూడా కాపాడింది. అదే అతనికి మింగుడు పడలేదు. పనిమంతురాలైతే అయింది, మంచిది కూడా కావాలా? తిట్టుకోవడానికి ఒక్క వంకైనా మిగలకుండా చేసింది. మూడు రోజులు ఎవరు నవ్వినా తన గురించేనని ఉలిక్కిపడ్డాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు తనే వెళ్ళాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నాకేం వస్తుంది మావయ్యా? ఒంటిగంట నుంచి రెండింటి దాకా కొలను ఖాళీగా ఉంటుంది. నేను గట్టు మీదే భోంచేస్తాను. వస్తే రండి."

వెళ్ళాడు. నడుము లోతు నీళ్ళలో గట్టు పట్టుకుని, యాభై మూడేళ్ళ వయసులో కాళ్ళాడించడం మొదలుపెట్టాడు.

టీ బండి దగ్గర ఇంకో మంట అంటుకుంది. మొగుడు మధ్యాహ్నం టీకి రావడం మానేశాడు. వచ్చినా తల తడిగా, నున్నగా దువ్వి ఉంటోంది. "రోజూ ఆ కోచ్ మేడం దగ్గరికే పోతున్నాడు" అని ఎవరో టీ తాగుతూ అననే అన్నారు. భార్య కెటిల్ దించి, కొంగు బిగించి, నేరుగా కొలను కంచె దగ్గరికి నడిచింది. సందులోంచి చూస్తే మొగుడు గట్టును కరుచుకుని కప్పలా తన్నుకుంటున్నాడు. ఆ పిల్ల క్యారేజీ ముందేసుకుని, నోట్లో ముద్ద పెట్టుకుంటూనే "కాళ్ళు మావయ్యా, కాళ్ళు!" అని అరుస్తోంది. నవ్వు ఆపుకోలేక భార్య అక్కడే బెంచీ మీద కూలబడింది. అంతలోనే సంగతి బుర్రకెక్కి లేచి నిలబడింది.

"ఏమయ్యా! నీకు ఈత రాదా? పెళ్ళయిన కొత్తలో నన్ను నడిచెరువులో తిప్పావే! మునిగితే ఇద్దరం పోయేవాళ్ళమన్నమాట!"

"జాకెట్టు వేసుకున్నాను కదే" అన్నాడు నీళ్ళలోంచి.

"నువ్వు వేసుకున్నావు. మరి నేను?"

 మర్నాటి నుంచి ఆమె కూడా ఒంటిగంటకు టీ బండి మూసేసి కొలనులో దిగింది. అతనికి నెల పట్టిన తేలడం ఆమెకు అయిదు రోజుల్లో వచ్చింది. "అక్కా, మీది నీళ్ళు మెచ్చిన ఒళ్ళు" అని ఈలమ్మ మెచ్చుకుంటుంటే మావయ్య ముక్కులోకి నీళ్ళెక్కి దగ్గాడు. ఇన్నాళ్ళూ పరాయిదాని మీద కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఇంట్లోదాని మీద కూడానా! ఆ రాత్రి భోజనాల దగ్గర పెళ్ళాం చేతులు గాల్లో ఆడిస్తూ ఊపిరి ఎలా పట్టాలో చెబుతుంటే, "చాల్లే, తిను" అని కసిరాడు.

వేసవి దాటాక ఈలమ్మ కొత్త పద్ధతి పెట్టించింది. కొలను ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు ఈదినవాళ్ళకు తన సంతకంతో చీటీ. చీటీ ఉన్నవాళ్ళు మావయ్య తోడు లేకుండా సొంతంగా తెడ్ల పడవ నడుపుకోవచ్చు. వారం తిరిగేసరికి రేవు దగ్గర మళ్ళీ వరుస. మావయ్యకు సంతోషమే, కానీ సగం సంతోషం. వచ్చిన ప్రతి చేతిలోనూ ఆవిడ సంతకమే. ఒక్కో చీటీని వెలుతురుకు పట్టి చూసి, "ఇదేం రాతో, కోడి కెలికినట్టు" అని గొణిగి గానీ పడవ విప్పేవాడు కాదు.

ఒక ఆదివారం వరుసలో తల వంచుకునే చెయ్యి చాచాడు. చీటీ అందించిన చేతికి టీపొడి వాసన. తలెత్తితే పెళ్ళాం.

"ఏం చూస్తున్నావు? రెండుసార్లూ ఈదాను. పడవ విప్పు."

"పద, నేనూ వస్తాను" అంటూ తెడ్డు అందుకోబోయాడు.

"నీ చీటీ ఏది?" అంది ఆమె. వెనక వరుసంతా గొల్లుమంది. అతను ఇంకా ఒక్కసారి కూడా కొలను ఆ చివర దాకా చేరలేదని ఆమెకు తెలియనిది కాదు.

తాడు విప్పాడు. పడవ చెరువు మధ్యకు సాగింది. ఆమె వంకరటింకరగా తెడ్డు వేస్తున్నా, పడవ మాత్రం చెప్పినట్టే వింటోంది. ఒడ్డున బెంచీల మీదివాళ్ళు ఆమెకు చేతులూపుతున్నారు. మావయ్య మీసం కొరుకుతూ కాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న మాస్టారిని, "కాస్త రేవు చూస్తూ ఉండండి" అని, తువ్వాలు భుజాన వేసుకుని కొలను వైపు నడిచాడు.