కొండ మీది ఊరి నుంచి ఫోన్

మా ఆయన ఆఫీసు పనిమీద రోమ్ వెళ్ళి, పని అయిపోయాక దగ్గర్లో ఓ చిన్న కొండ ఊరు చూడటానికి వెళ్ళారు. నిన్న ఫోన్లో ఒకటే వర్ణన. శత్రువుల భయంతో వందల ఏళ్ళ క్రితం జనం కొండెక్కి కట్టుకున్న ఊరట. చుట్టూ కోటగోడ, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, చర్చి గోడల మీద వెలిసిపోయిన బొమ్మలు. ఆయన బస కూడా ఓ పాత రాతి ఇంట్లోనే.

ఈ మధ్యాహ్నం ఇక్కడ అమెరికాలో, ఆల్బనీలో ఆఫీసులో ఉండగా ఇటలీలో భూకంపమని నెట్‌లో వార్త కనిపించింది. కూలిన రాతి ఇళ్ళ ఫొటోలు చూడగానే ఆయనకు ఫోన్ చేశాను. ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోన్ కలవలేదు. పాపను డేకేర్ నుంచి ఎలా తెచ్చుకున్నానో కూడా గుర్తులేదు.

చీకటి పడుతుండగా ఆయనే చేశారు.

"నాకేం కాలేదు. ఊరంతా దుప్పట్లు కప్పుకుని ఖాళీ జాగాలో కూర్చున్నాం. పాస్‌పోర్ట్ రూమ్‌లో ఉండిపోయింది, ఒక్క నిమిషంలో తెచ్చుకుంటా."

"ఆ ఇంట్లోకి అడుగు పెట్టారంటే ఊరుకోను! పాస్‌పోర్ట్ పోతే ఇంకోటిస్తారు."

"గోడలు బానే ఉన్నాయే, ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డవి..."

మాట మధ్యలో ఆగింది. ఫోన్లో ఆయన చుట్టూ కేకలు వినిపించాయి. భూమి మళ్ళీ కదిలిందని అర్థమైంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. పిలవడం కాదు, అరిచాను.

"ఉన్నా, ఇక్కడే ఉన్నా," అన్నారు కాసేపటికి. "లోపలికి వెళ్ళనులే."

ఇందాక వీధిలో లారీ వెళ్ళి కిటికీ అద్దాలు అదిరితే పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. ఆయన ఇల్లు చేరేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు. ఈ పోస్ట్ చూసి, మేలుకుని ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త పలకరించండి.