బావ చెవి మీద నమ్మకం

మొన్న కరీంనగర్‌లో చెవి డాక్టరు దగ్గర నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. అద్దం అవతలి అమ్మాయి మాత్రం తల ఎత్తకుండా ఏదో రాసుకుంటూనే ఉంది. వస్తున్న శబ్దం నాకే అందడం లేదని అర్థమైంది. మా బావ గుర్తొచ్చాడు.

బావంటే అక్క భర్త. గోదావరి ఒడ్డు బొగ్గు బాయిలో, అంటే గనిలో, మా జట్టుకు సర్దార్. నేను ఆయన కింద బొగ్గు నింపేవాణ్ణి. మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, పని మొదలుపెట్టే ముందు సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూసేవాడు. గట్టి రాయి ఖంగున మోగుతుంది, పొర విడిచిన రాయి బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా మీదే మా ఆరుగురి ప్రాణాలు. బావ చెవిని ఎవరూ శంకించేవాళ్లు కాదు, ఎందుకంటే శనివారం సాయంత్రం కాలనీ భజనలో డోలక్ ఆయనదే. పాడేవాళ్ల శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేసేవాడు.

అలాంటివాడు ఒక శనివారం డోలక్ తాళ్లను మరీ బిగించాడు. కుడివైపు కీచుమంటుంటే అందరం మొహాలు చూసుకున్నాం. పైగా కంచు తాళాలు వాయించేవాళ్ల మీద విసుక్కున్నాడు, జర గట్టిగ కొట్టుండ్రని. వాళ్ల అరచేతులు అప్పటికే ఎర్రబడ్డాయి. బావకు ముసలితనం ముందే వచ్చిందని చాటుగా నవ్వుకున్నాం, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం మొదటి షిఫ్టులో బావ కప్పును నాలుగుచోట్ల తట్టి, "ఏం గాదు, పట్టుండ్రి పని" అన్నాడు. నా చెవికి మాత్రం నాలుగో దెబ్బ బొంగురుగా తాకింది. సర్దార్ మాట, అందులోనూ అక్క మొగుడు. నలుగురిలో అడ్డం చెప్తే ఆ ఇంటికి మళ్లీ ఏ ముఖంతో పోను? అప్పటికే ఒకడు తట్ట దించి ఆ కప్పు కిందే కూర్చున్నాడు. అంతలో శనివారం నాటి కీచు డోలక్ మదిలో మెదిలి, బావకు వినబడడం లేదేమోనని తట్టింది. బావ చేతిలోంచి కర్ర గుంజుకొని అక్కడే మళ్లీ కొట్టి, "బావా, బొంగురు మోగుతుంది, ఎల్లిపోదాం" అన్నాను. కొడతాడనుకున్నాను. నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, జట్టునంతా వెనక్కి నడిపించాడు. మేమింకా మలుపు దాటకముందే వెనక కప్పు కూలింది. దుమ్ములో ఒకరినొకరం పేరుపేరునా పిలుచుకున్నాం. ఆరుగురం పలికాం.

పైకొచ్చాక బావ నన్ను పక్కకు తీసుకుపోయాడు. "గట్టి రాయి, బొంగురు రాయి, నాకు రెండు సప్పుళ్లు ఒక్క తీరే ఇనవడ్తున్నయ్‌రా. తాళాలైతే కొట్టే చేతులే కనవడ్తున్నయ్, సప్పుడు ఇనవడ్తలే. బాయిలకు దించరని ఎవ్వలికి చెప్పలే" అన్నాడు. ఏళ్ల తరబడి పేలుళ్ల మధ్య బతికిన మనిషి. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజే ఆయన ఆఫీసుకు పోయి, ఉన్న సంగతి చెప్పి కర్ర అప్పగించాడు.

భజన మానేస్తాడనుకున్నాను గానీ వచ్చాడు. డోలక్ నా ఒళ్లో పెట్టి శ్రుతి చేయమన్నాడు. తర్వాత వాయించాడు, ప్రతి చరణం చివరా బాగుందా అన్నట్టు నా ముఖంలోకి చూస్తూ. ఆయన సరేనంటేనే చీకట్లో అడుగుపెట్టిన వాళ్లం మేము. నేను ప్రతిసారీ తలూపాను, తప్పు పోయినప్పుడు కూడా. ఇప్పుడు ఆ కాలనీ గుడిలో పెన్‌డ్రైవ్‌లోంచి భజన వస్తోంది, శ్రుతి ఎక్కడా తప్పదు. అబద్ధమైనా సరే తలూపే మనిషి ఒకడు ఎదురుగా కూర్చోవలసిన పని మాత్రం లేకుండా పోయింది.