రెండుసార్లు చదివిన వాక్యం

బోధన్ రోడ్డు మీద చెరకు లారీ వెనక బస్సు ఆగినప్పుడల్లా, ఆ పచ్చి తియ్యటి వాసనకు నాకు మా బాపు చెంప గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు, బండికి ఎత్తుతుంటే చెరకు మోపు జారిందని కూలీలందరి ముందు మేస్త్రీ బాపును చెంప మీద కొట్టాడు. ఆ ఆదివారం చర్చిలో బైబిల్ నుంచి మొదటి పఠనం చదివే వంతు నాది. తీరా చూస్తే, పగ పట్టవద్దు, పొరుగువాణ్ణి ప్రేమించు అని ఉంది. మేస్త్రీ కూర్చునేది ముందు వరుసలోనే. ఇది అతని పనే అనుకున్నాను.

"ఫాదర్, గిది మేస్త్రి పెట్టిచ్చిండా?"

"కాదు బిడ్డా. ఇయ్యాల అన్ని చర్చిలల్ల గిదే సదువుతరు," అని ఆయన నవ్వారు. నేను నమ్మలేదు.

అయితే పగ మాటకు పైన ఇంకో వాక్యం ఉంది, తప్పు చేసిన పొరుగువాణ్ణి మందలించమని. దాన్ని మేస్త్రీనే చూస్తూ రెండుసార్లు చదివాను. అతను తల దించుకుని చేతిరుమాలు మడతపెట్టసాగాడు. ఫాదర్ ప్రసంగంలో మాత్రం క్షమించడం గురించే చెప్పారు, మందలింపు ఊసే లేదు.

బయటికి రాగానే మా అమ్మ నా చెవి మెలిపెట్టింది. "ఒక్క మాటనే రెండుసార్లు సదివినవేందే?"

"దేవుని మాటనే గదా అవ్వా."

బాపు తువ్వాలలో నవ్వు దాచుకున్నాడు.

ఆ రోజు అన్ని చర్చిల్లో అదే చదువుతారని ఫాదర్ చెప్పింది నిజమేనని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి దేవుడి మీద నమ్మకం పోయింది, మేస్త్రీ మీద కోపం పోలేదు. ఎవరైనా క్షమించమంటే, ముందు ఆ పై వాక్యం చదివి రమ్మంటాను.